తెర అవతల ఆడేది మనిషేనా? పోకర్ బాట్లను పట్టే లెక్క

సంక్రాంతి రోజుల్లో ప్రకాశం జిల్లా పల్లెల్లో తోటల చాటున మూడు ముక్కలాట సాగుతుంటే, ఎదుటివాడి చేతిలో ఏముందో కనిపెట్టడానికి అతని ముక్కలు చూడనక్కర్లేదు. అప్పటిదాకా బ్లైండ్ ఆడినవాడు ఉన్నట్టుండి ముక్కలెత్తి చూసుకున్నాడంటే ఎందుకో పక్కవాడికి తెలుసు. నోటు విసిరే తీరు, ఓడినకొద్దీ పెరిగే గొంతు, గెలుస్తున్నవాడి అతి నెమ్మది, అన్నీ ఆటలో భాగమే. పైగా అక్కడ కూర్చున్న ప్రతివాడూ ఫలానా ఊరివాడు, ఫలానావాళ్ళ అబ్బాయి. ఫోన్ తెర మీద ఆడే పోకర్‌లో ఇవేవీ ఉండవు. ఒక మారుపేరు, ఒక బొమ్మ, పక్కన కొన్ని చిప్పులు. అవతలివాడి గురించి మిగిలే ఆధారాలు మూడే: ఏం చేశాడు, ఎంత పెట్టాడు, ఎంతసేపు ఆలోచించి పెట్టాడు. ఆడుతున్నది మనిషా, మనిషి పేరు పెట్టుకున్న ప్రోగ్రామా అని తేల్చే విద్య దాదాపు మొత్తం ఈ మూడింటి మీదే నిలబడి ఉంది.

ఆ ప్రోగ్రామునే బాట్ అంటారు. తెర మీది ముక్కల్ని చదువుకుంటుంది, లెక్క వేసుకుంటుంది, బటన్ నొక్కుతుంది. దానికి నిద్ర లేదు, ఆకలి లేదు, పోయిన డబ్బు మీద కసి లేదు. కావలిలోనో కనిగిరిలోనో రాత్రి పదకొండింటికి పని ముగించుకొని ఫోన్ తీసిన కుర్రాడు 500 రూపాయలతో ఒక బల్ల దగ్గర చేరితే, మిగతా ఐదుగురిలో ఎందరు మనుషులో తెలుసుకునే దారి అతనికి లేదు. ఆ దారి ఎవరి దగ్గర ఉంది, వాళ్ళు దాన్ని ఎప్పుడు వాడతారు, ఎప్పుడు వాడరు అన్నది విప్పి చూడాల్సిన విషయం. ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో పోకర్ ఆడటం 2020 నుంచే నిషిద్ధమైనా, లింకుల రూపంలో ఫోన్లలోకి వచ్చే యాప్‌లు ఆగలేదు కాబట్టి ఇది ఇక్కడివాళ్ళకు దూరపు ముచ్చట కాదు.

యంత్రం ఎంత బాగా ఆడుతుంది

పోకర్‌లో ఎదుటివాడి ముక్కలు కనబడవు. అందుకే చదరంగం లొంగినా పోకర్ యంత్రానికి లొంగదని చాలాకాలం అనుకున్నారు. 2007లో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక పద్ధతిని ప్రచురించారు. ప్రోగ్రాము తనతో తానే లెక్కలేనన్నిసార్లు ఆడుతుంది. ప్రతిసారీ, ‘అక్కడ ఇంకోలా ఆడి ఉంటే ఎంత మిగిలేది’ అని తన పశ్చాత్తాపాన్ని అంకెల్లో లెక్కగట్టుకుని ఆటను దిద్దుకుంటుంది. ఇదే దారిలో 2015లో సెఫియస్ అనే ప్రోగ్రాము, ఇద్దరే ఆడే పరిమిత పందెపు హోల్డెమ్‌ను (ఆటగాడికి రెండేసి ముక్కలు పంచే పోకర్ రకం) దాదాపు పూర్తిగా ఛేదించింది. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లోని ఒక కాసినోలో లిబ్రాటస్ అనే ప్రోగ్రాము నలుగురు నిపుణులతో 20 రోజులపాటు 1,20,000 పంపకాలు ఆడి గెలిచింది. 2019లో ప్లూరిబస్ ఆరుగురి బల్ల మీద కూడా నిపుణుల్ని మించింది. గెలుపుకన్నా ఎక్కువ ఆలోచింపజేసేది దానికైన ఖర్చు. ప్లూరిబస్ ఆట నేర్చుకోవడానికి 64 కోర్ల సర్వర్ ఒక్కటి, 8 రోజులు సరిపోయాయి. అద్దె సర్వర్ మీద అయితే దాదాపు 150 డాలర్ల పని. తమ ప్రోగ్రాము ఆన్‌లైన్ పోకర్‌కు చేటు చేస్తుందనే ఆ పరిశోధకులు దాని కోడ్‌ను బయటపెట్టలేదు.

మామూలు బల్లల మీద తిరిగే బాట్లకు అంత ప్రతిభ అవసరమే లేదు. ఒక చిన్న లెక్క చూద్దాం. 10 రూపాయల బిగ్ బ్లైండ్ (ముక్కలు చూడకముందే ఒకరు తప్పనిసరిగా పెట్టాల్సిన పందెం) బల్ల మీద ఒక బాట్ ప్రతి 100 పంపకాలకు సగటున 3 బ్లైండ్లు, అంటే 30 రూపాయలు మిగుల్చుకుంటుందనుకుందాం. గంటకు ఒక బల్ల మీద 70 పంపకాలు, ఒకేసారి నాలుగు బల్లలు. గంటకు 84 రూపాయలు వస్తాయి. కూలి లెక్కన చూస్తే ఇది పెద్దదేమీ కాదు. అది రోజుకు 20 గంటలు ఆడితే 1,680 రూపాయలు. అలాంటి ఖాతాలు 30 ఉంటే రోజుకు 50,400. ఈ డబ్బు ఆకాశం నుంచి ఊడిపడదు. అదే బల్లల మీద కూర్చున్న మనుషుల జేబుల్లోంచి, ఎవరికీ పెద్ద దెబ్బ తగిలినట్టు తెలియకుండా, పదీ ఇరవై చొప్పున పోతుంది. అందుకే ఓడినవాడు అదృష్టం బాగాలేదనుకుంటాడు తప్ప అనుమానపడడు.

ఆలోచించే సమయం

బాట్లను పట్టే పద్ధతుల్లో అన్నిటికన్నా పాతది గడియారం చూడటం. తొలినాళ్ళ బాట్లు ప్రతి నిర్ణయాన్నీ ఒకే వ్యవధిలో తీసుకునేవి, ఇట్టే దొరికేవి. తయారుచేసినవాళ్ళు దానికి విరుగుడుగా రెండు నుంచి ఆరు సెకన్ల మధ్య ఏదో ఒక విరామం ఇవ్వడం మొదలుపెట్టారు. చూసేవాడికి మనిషి ఆడుతున్నట్టే ఉంటుంది. వేల నిర్ణయాల వ్యవధుల్ని గీత గీసి చూస్తే మాత్రం తేడా తెలుస్తుంది. మనిషి చాలా నిర్ణయాలు చకచకా తీసుకుంటాడు, కొన్నిటి దగ్గర మాత్రం బాగా ఆగిపోతాడు. అతని గీత ఒకవైపు గుట్టగా లేచి రెండోవైపు పొడుగాటి తోకలా సాగుతుంది. యాదృచ్ఛికంగా విరామమిచ్చే బాట్ గీత చదును చేసిన మడిలా ఉంటుంది.

గీత ఆకారాన్ని కూడా అనుకరించవచ్చు. నిజమైన మనుషుల వ్యవధుల్నే సేకరించి వాటిలోంచి ఒకటి తీసి వాడే బాట్లు వచ్చాయి. అప్పుడు పట్టుకునేవాళ్ళు అడిగే ప్రశ్న మారింది: ఈ ఆటగాడు ఆగవలసిన చోట ఆగుతున్నాడా? చేతిలో రెండు, ఏడు లాంటి పనికిరాని ముక్కలు వస్తే మనిషి అరసెకనులో పడేస్తాడు. మధ్యలో డబ్బు బాగా పోగై, చివరి ముక్క ప్రమాదకరంగా పడి, ఎదుటివాడు ఉన్నదంతా తోసేస్తే అదే మనిషి గుటకలు మింగుతాడు. నిర్ణయం ఎంత కష్టమో, తీసుకున్న సమయం ఎంతో, ఈ రెంటికీ పొత్తు ఉండాలి. పొత్తు లేకుండా సమయం మాత్రమే మనిషిలా ఉంటే అనుమానం బలపడుతుంది.

దీనికన్నా పదునైన పరీక్ష ఇంకొకటి ఉంది. నాలుగు బల్లల మీద ఆడే మనిషికి రెండు చోట్ల ఒకేసారి వంతు వస్తే, రెండో చోట ఆలస్యమవుతుంది. బుర్ర ఒకటే, వేలు ఒకటే. నాలుగు బల్లలకు నాలుగు వేరువేరు ప్రక్రియలుగా నడిచే బాట్‌కు ఆ ఇబ్బంది తెలియదు. ఒక బల్ల మీద తలనొప్పి నిర్ణయం నడుస్తుండగా పక్క బల్ల మీద దాని వేగం తగ్గదు. దీన్ని అనుకరించాలంటే బాట్ తయారుచేసేవాడికి ముందు ఆ సంగతి తట్టాలి, చాలామందికి తట్టదు. అలసట కూడా ఇలాంటిదే. మొదటి గంటలో ఆడిన ఆటకూ తొమ్మిదో గంటలో ఆడిన ఆటకూ మనిషి దగ్గర తేడా ఉంటుంది. పెద్ద దెబ్బ తిన్న తర్వాతి ఇరవై పంపకాలు మనిషి మారిన మనసుతో ఆడతాడు, పోయింది రాబట్టాలని తెగిస్తాడు, లేదా ముడుచుకుపోతాడు. ఆ మార్పు ఎన్ని వేల పంపకాలు చూసినా కనబడకపోతే అది నిగ్రహమైనా కావాలి, యంత్రమైనా కావాలి.

వేలి గుర్తులు, తెర మార్పులు

నొక్కే తీరులోనూ ఆధారాలుంటాయి. మనిషి వేలు బటన్ మీద ఒక్కోసారి ఒక్కోచోట పడుతుంది. తాకి ఎత్తే మధ్య వ్యవధి మారుతుంది, వేలి కింద నొక్కుడుపడే వైశాల్యం మారుతుంది. ప్రోగ్రాము పంపే తాకుడు తరచూ బటన్ నట్టనడుమ, ఒకే వైశాల్యంతో పడుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో చూపు తక్కువవాళ్ళ కోసం, చేతులు వణికేవాళ్ళ కోసం ఉంచిన యాక్సెసిబిలిటీ సౌకర్యాన్నే బాట్లు తెర చదవడానికి, బటన్ నొక్కడానికి వాడుకుంటాయి. అందుకని ఆ సౌకర్యం కనబడగానే ఖాతా మూసేసే యాప్, నిజంగా అది అవసరమైన మనిషిని కూడా బయటికి నెట్టేస్తుంది. ఈ అన్యాయం గురించి రావలసినంత చర్చ రాలేదు.

కంప్యూటర్‌లో ఫోన్‌ను అనుకరించే ఎమ్యులేటర్‌లో యాప్ నడుస్తోందా, ఫోన్ లోపలి తాళాలు తీసి రూట్ చేసి ఉందా, ఒకే పరికరం మీద పది ఖాతాలు తెరిచారా, ఒకే ఐపీ చిరునామా నుంచి ముప్పై మంది ఆడుతున్నారా అన్న తనిఖీలు ఇప్పుడు సర్వసాధారణం. బటన్లను కొద్ది పిక్సెళ్ళు పక్కకు జరపడం, ముక్కల మీది అంకెల తీరు మార్చడం, కంటికి కనబడని బటన్ ఒకటి పెట్టి దాన్ని ఎవరు నొక్కుతారో చూడటం లాంటి ఎరలు కూడా వేస్తారు. మనిషికి తేడా తెలియదు, తెరను చదివే ప్రోగ్రాము తడబడుతుంది. వంకర అక్షరాలు చూపించి టైపు చేయమనే క్యాప్చా పెద్దగా పనికిరాదు. అది వచ్చినప్పుడు మాత్రం తెర ముందుకొచ్చి టైపు చేసే మనిషిని కూలికి పెట్టుకోవడం ఎంతసేపు?

ఈ తనిఖీలన్నిటికీ ఒక హద్దుంది. ఒక ఫోన్ ఆట ఆడుతుంది, పక్కనే ఇంకో కంప్యూటర్ కెమెరాతో దాని తెరను చూస్తుంది, ఏం చేయాలో చెబుతుంది, మనిషి వేలితోనే నొక్కుతాడు. ఆడే ఫోన్‌లో దొంగ ప్రోగ్రామేదీ ఉండదు, వెతికినా దొరకదు. వేలిముద్ర మనిషిది, బుర్ర యంత్రానిది. దీన్ని పోకర్‌వాళ్ళు ‘ఆటలో అప్పటికప్పుడు సాయం’ అంటారు, చాలా సైట్లు దీన్నీ బాట్‌తో సమానంగానే నిషేధించాయి. దీన్ని పట్టుకోవాలంటే పరికరాన్ని వదిలేసి ఆటనే చూడాలి.

ఆటే సాక్ష్యం

పోకర్‌లో ఒక్కో సందర్భానికి ఒకే ఒక్క సరైన నిర్ణయం ఉండదు. ఎదుటివాడికి అంతు చిక్కకుండా ఆడే సమతూకపు ఆటలో, ఫలానా చేతితో ఫలానా చోట పది సార్లలో ఏడు సార్లు పందెం పెట్టాలి, మూడు సార్లు ఊరుకోవాలి అన్నట్టు ఉంటుంది. మనిషికి ఇలా పాళ్ళు కలపడం చేతకాదు. నాలుగు సార్లు వరసగా పెడితే ఐదోసారి తెలియకుండానే వెనక్కి తగ్గుతాడు. యంత్రం పాచికలు వేసినట్టు కలుపుతుంది. అందుకే వేల సందర్భాల్లో ఒక ఆటగాడి పాళ్ళు లెక్క కట్టి, ఆ సమతూకాన్ని లెక్కగట్టే సాల్వర్ ప్రోగ్రాములు చెప్పే పాళ్ళతో పోలుస్తారు. బాగా చదువుకున్న ఆటగాడు తేలిక సందర్భాల్లో దగ్గరగా వస్తాడు. అరుదుగా ఎదురయ్యే చిక్కు సందర్భాల్లో కూడా అంతే దగ్గరగా ఉంటే, అది కంఠతా పట్టడానికి సాధ్యమయ్యే పనికాదు.

రెండో పోలిక సాల్వర్‌తో కాదు, మిగతా ఖాతాలతో. ఒక మాస్టారి దగ్గర చదువుకున్న ఇద్దరు పిల్లలు ఒకే లెక్క చేసినా చేతిరాత వేరుగా ఉంటుంది. ఒక ప్రోగ్రాముతో నడిచే ముప్పై ఖాతాల చేతిరాత ఒకటే. ఎన్ని పంపకాల్లో దిగుతుంది, ఎన్నిసార్లు పెంచుతుంది, పోగైన డబ్బులో ఎన్నో వంతు పందెం కడుతుంది, చివరి ముక్క దగ్గర ఎన్నిసార్లు బ్లఫ్ చేస్తుంది, ఇలా వందలాది కొలతలు తీసుకుని ఒక్కో ఖాతాను ఒక్కో చుక్కగా పెడితే, మనుషుల చుక్కలు చెల్లాచెదురుగా పడతాయి. బాట్ల చుక్కలు చీమల బారులా ఒకచోట చేరతాయి. బాట్ ఎంత బాగా ఆడినా, ఎంత చెత్తగా ఆడినా ఈ పద్ధతికి తేడా లేదు. అందుకే ఇది తక్కిన పద్ధతులన్నిటికన్నా గట్టిది.

2015లో పోకర్‌స్టార్స్ అనే సైట్‌లో, ఒమాహా అనే పోకర్ రకం ఆడే బల్లల మీద జరిగిన వ్యవహారం ఇలాగే బయటపడింది. తాము ఆడిన పంపకాల చరిత్రలను దాచుకున్న ఆటగాళ్ళు కొందరు, వాటిని ఒకచోట చేర్చి చూస్తే కొన్ని ఖాతాల అంకెలు నమ్మలేనంత దగ్గరగా కనిపించాయి. ఆ ముఠా దాదాపు 15 లక్షల డాలర్లు గెలుచుకుందని వాళ్ళు లెక్కగట్టారు. కొన్నేళ్ళ ముందు, 2007లో, అబ్సొల్యూట్ పోకర్ అనే సైట్‌లో అందరి ముక్కలూ కనబడే ఖాతాతో లోపలివాళ్ళే ఆడుతున్నారని తేలింది కూడా ఆటగాళ్ళు పంపకాల చరిత్రను తవ్వడం వల్లే. ఈ రెండు ఉదంతాల్లోనూ నిజం సైట్ తనిఖీ విభాగం నుంచి మొదలవలేదు, రికార్డు చేతిలో ఉన్న మామూలు ఆటగాళ్ళ నుంచి మొదలైంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, చివర్లో దీనితో పని ఉంది.

చెక్ ట్రే లెక్క

ఇందుకూరుపేట, విడవలూరు ప్రాంతాల్లో రొయ్యల చెరువు పెట్టే రైతు చెరువులో ఏం జరుగుతోందో నీళ్ళలో దిగి చూడడు. చెక్ ట్రేలో కాస్త మేత వేసి దించుతాడు, కొంతసేపటికి పైకి లాగి ఎంత తిన్నాయో చూస్తాడు. ఒక్క ట్రేలో మేత మిగిలితే కంగారుపడి చెరువంతా జబ్బు అనడు, నాలుగు మూలల ట్రేలూ చూస్తాడు, మర్నాడూ చూస్తాడు. కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) తెలుసుకోవాలంటే విసురువల వేసి తూకం వేస్తాడు, అదీ ఒక్క విసురుతో తేల్చడు. బాట్లను పట్టే పనిలో తప్పులు ఎక్కువగా జరిగేది ఈ ఓపిక లేకనే.

పోకర్‌లో అదృష్టం ఊపు చాలా పెద్దది. పరిమితి లేని హోల్డెమ్‌లో ప్రతి 100 పంపకాలకు ఫలితం అటూ ఇటూ దాదాపు 90 బ్లైండ్లు ఊగడం మామూలే. 100 పంపకాలకు 5 బ్లైండ్లు గెలిచే ఆటగాడిని 10,000 పంపకాలు గమనిస్తే, మన అంచనాలో పొరపాటు 9 బ్లైండ్ల దాకా ఉంటుంది. అంటే అతను గెలిచేవాడో ఓడేవాడో కూడా తేలదు. లక్ష పంపకాలు చూసినా పొరపాటు మూడు బ్లైండ్లకు కాస్త తక్కువ. ప్లూరిబస్‌ను పరీక్షించినవాళ్ళు కూడా 10,000 పంపకాల్లో గెలుపును నిరూపించడానికి, అదృష్టం పాలును తీసివేసే ప్రత్యేక లెక్క వాడవలసి వచ్చింది. కాబట్టి ‘వాడు నిన్నంతా గెలుస్తూనే ఉన్నాడు, బాట్ అయి ఉంటాడు’ అన్న మాటకు సాక్ష్యంగా విలువ సున్నా. గెలుపు ఓటముల్ని పక్కనబెట్టి నిర్ణయాల్ని చూడాలనడానికి కారణం ఇదే. డబ్బు ఒక పంపకానికి ఒక్కసారి చేతులు మారుతుంది, దానిలో ముక్కల అదృష్టమంతా కలిసి ఉంటుంది. నిర్ణయాలు ఒక్కో పంపకంలో అనేకం, అవి ఆటగాడి సొంతం.

రెండో ప్రమాదం అమాయకుణ్ణి పట్టుకోవడం. ఒక సైట్‌లో లక్ష ఖాతాలు, వాటిలో 500 బాట్లు ఉన్నాయనుకుందాం. బాట్లలో నూటికి 99ని పట్టే పరీక్ష ఉంది, మనుషుల్లో నూటికి ఒక్కరిని మాత్రమే పొరపాటున పట్టేస్తుంది. వినడానికి గొప్పగా ఉంది. లెక్క వేస్తే, 495 బాట్లు దొరుకుతాయి, వాటితోపాటు 995 మంది మనుషులూ దొరుకుతారు. పట్టుబడినవాళ్ళలో ముగ్గురికి ఇద్దరు నిర్దోషులు. వాళ్ళ డబ్బు ఆపేసి ఖాతా మూసేస్తే, ఫిర్యాదుకు జవాబుగా ఒక యాంత్రికమైన ఈమెయిల్ పంపేస్తే, అది దొంగతనాన్ని ఆపడానికి చేసిన ఇంకో దొంగతనం. అందుకే మంచి పద్ధతి పాటించే సైట్లు ఒక్క పరీక్షతో తీర్పు ఇవ్వవు. సమయం, తాకుడు, పరికరం, ఆట తీరు, డబ్బు కదలిక అన్నీ ఒకేవైపు చూపినప్పుడు మనుషులున్న బృందానికి అప్పగిస్తాయి. అప్పుడు కెమెరా పెట్టి ఎదురుగా ఆడి చూపించమని అడుగుతారు, ఫలానా పంపకంలో అలా ఎందుకు ఆడావని అడుగుతారు. నిజంగా ఆడినవాడు తన తప్పునైనా వివరిస్తాడు. ఖాతా అద్దెకిచ్చినవాడికి చెప్పడానికి ఏమీ ఉండదు.

జట్టు కట్టిన ఖాతాలు

ఒంగోలు, టంగుటూరు, కొండపి పొగాకు వేలం కేంద్రాల్లో రైతులు ఏటా అనే మాట ఒకటుంది: వ్యాపారులు సిండికేట్ అయ్యారని. ఒక బేలుకు ధర తక్కువ పలికితే అది రుజువు కాదు, ఆకు నాణ్యత తక్కువ కావచ్చు. అదే గ్రేడు బేళ్ళకు రోజుల తరబడి ఒకరి ధర మీద ఇంకొకరు పాడకపోతే, ఒకరి తర్వాత ఒకరు ధర చెప్పకుండా నోబిడ్ చేస్తూ పోతే, అప్పుడు అనుమానానికి ఆధారం దొరుకుతుంది. పోకర్‌లో జట్టు కట్టిన బాట్లను పట్టే లెక్క కూడా సరిగ్గా ఇలాంటిదే.

ఆరుగురి బల్ల మీద మూడు ఖాతాలు ఒకే యజమానివైతే అతనికి ఆరు ముక్కలు తెలుసు. ఆ మూడూ ఒకదాని మీద ఒకటి పందెం పెంచుకోవు. మధ్యలో చిక్కిన బయటివాణ్ణి అటొకటి ఇటొకటి పెంచి నలుపుతాయి. ఒక్క పంపకం చూస్తే ప్రతి నిర్ణయానికీ ఏదో ఒక సాకు దొరుకుతుంది. కలిసి ఆడిన వెయ్యి పంపకాలు చూస్తే, వీళ్ళు ఒకరినొకరు ఎదుర్కొన్నప్పుడు ఆడే ఆటకూ, బయటివాళ్ళతో ఆడే ఆటకూ తేడా బయటపడుతుంది. ఎవరు ఎవరితో ఎన్నిసార్లు ఒకే బల్ల దగ్గర చేరారు, చిప్పులు చివరికి ఎవరివైపు పారాయి అన్నది గీస్తే సాలెగూడులా ఒక బొమ్మ వస్తుంది, మధ్యలో కూర్చున్నవాడు కనబడతాడు. ఆపడానికి కూడా తేలిక మార్గముంది. ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చోవాలో వాళ్ళను ఎంచుకోనివ్వకుండా సైటే కలిపి కూర్చోబెట్టాలి.

ఆపడం, ఆపినట్టు కనబడటం

పట్టుకున్నాక ఏం చేయాలన్నది వేరే సంగతి. ఖాతా మూయడం చాలదు, రేపు ఇంకో పేరుతో వస్తుంది. ఒక మనిషికి ఒక ఖాతా అన్న నియమాన్ని గుర్తింపు కార్డుతో, సొంత బ్యాంకు ఖాతాతో కట్టిపడేస్తే బాట్ నడిపేవాడికి ఖర్చు పెరుగుతుంది, ఎందుకంటే ముప్పై ఖాతాలకు ముప్పై మంది మనుషులు కావాలి. అక్కడే ఖాతాలు అద్దెకివ్వడం అనే వ్యాపారం పుట్టింది. నెలకింతని తీసుకుని పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, సిమ్ ఇచ్చేసే కుర్రాళ్ళకు తాము దేనికి పేరిస్తున్నారో తెలియదు. కేసంటూ వస్తే మొదట తట్టేది వాళ్ళ తలుపే.

బాట్ గెలుచుకున్న డబ్బును ఓడినవాళ్ళకు తిరిగి పంచడం అన్నిటికన్నా బలమైన చర్య. బాట్ నడిపేవాడికి నష్టం, ఆడినవాడికి న్యాయం. కొన్ని పెద్ద సైట్లు ఈ పని చేశాయి. 2019లో పార్టీపోకర్ అనే సైట్ తాను మూసేసిన బాట్ ఖాతాల సంఖ్యను, వాటి నుంచి తిరిగి పంచిన మొత్తాన్ని బహిరంగంగా ప్రకటించడం మొదలుపెట్టింది. అలా ప్రకటించడం మంచి పద్ధతి, ఎందుకంటే లెక్క చెప్పినవాడిని తర్వాతి ఏడాది కూడా లెక్క అడగవచ్చు.

అన్ని సైట్లూ అలా చేయకపోవడానికి కారణం వాటి ఆదాయంలోనే ఉంది. ప్రతి పాట్ (బల్ల మధ్య పోగైన పందెం) లోంచి సైట్ తీసుకునే కమీషన్‌ను రేక్ అంటారు. బాట్ ఆడినా రేక్ వస్తుంది. ఖాళీగా ఉండే అర్ధరాత్రి బల్లల్ని బాట్లే నింపుతాయి, బల్లలు నిండుగా ఉంటే కొత్తవాళ్ళు వస్తారు. దూరం చూసే సైట్‌కు మనుషులు ఓడి ఓడి వెళ్ళిపోతే నష్టమని తెలుసు, ఈ నెల ఆదాయం మాత్రమే చూసేదానికి బాట్ మంచి ఖాతాదారు. పరికరం వివరాలు, తాకుడు రికార్డు, ఐపీ చిరునామాలు, అందరి ముక్కలతో సహా పూర్తి పంపకాలు, పైన చెప్పిన ప్రతి పద్ధతికీ కావలసిన ముడిసరుకంతా సైట్ దగ్గరే ఉంటుంది. ఆటగాడి దగ్గర ఉండగలిగేది ఒక్కటే, తాను ఆడిన పంపకాల చరిత్ర. 2007లోనూ 2015లోనూ పనికొచ్చింది అదే. అందుకని ఒక సైట్ నిజాయితీని కొలవాలంటే, బాట్లను పట్టే కృత్రిమ మేధ ఉందని అది చేసుకునే ప్రచారంకన్నా, పంపకాల చరిత్రను ఆటగాడికి దించుకోనిస్తుందా అని చూడటమే నమ్మదగిన కొలత. దీనికి ఎదురువాదన లేకపోలేదు. ఆ చరిత్రల్ని కొని ఎదుటివాళ్ళ బలహీనతలు తవ్వే వ్యాపారం ఉంది, దాన్ని ఆపడానికే కొన్ని సైట్లు పేర్లు దాచి ఆడిస్తాయి. పేర్లు దాస్తే బాట్‌ను గుర్తుపట్టే దారీ మూసుకుపోతుంది. కొంతకాలం గడిచాక పేర్లతో సహా చరిత్ర ఇవ్వడం వీటి మధ్య సబబైన రాజీ.

చట్టం ఎక్కడుంది

రమ్మీలో నైపుణ్యం పాలే ఎక్కువని సుప్రీంకోర్టు 1968లో చెప్పిన తీర్పు, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సత్యనారాయణ అనే వ్యక్తిపై నడిపిన కేసులోనిది. నైపుణ్యమా అదృష్టమా అన్న వాదన దశాబ్దాలపాటు దాని చుట్టూనే తిరిగింది. 2020 సెప్టెంబరులో రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆ వాదనను పక్కనబెట్టింది. నడిపేవాళ్ళకు మొదటిసారి ఏడాది వరకు, ఆడేవాళ్ళకు 6 నెలల వరకు జైలు పెట్టింది. ఆ అక్టోబరులో 132 వెబ్‌సైట్లు, యాప్‌లను ఆపించమని అప్పటి ముఖ్యమంత్రి కేంద్రానికి లేఖ రాశారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బాటలను నైపుణ్యంతో నిమిత్తం లేకుండా దేశమంతటా నిషేధించింది. నడిపేవాళ్ళకు 3 ఏళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. బ్యాంకులు, చెల్లింపు సంస్థలు ఆ డబ్బును దాటించకూడదు. ఆడేవాళ్ళను మాత్రం ఆ చట్టం శిక్షించదు.

దీనితో లెక్కకు నిలబడే కంపెనీలు డబ్బాటలు ఆపేశాయి. మిగిలింది ఎక్కడో పరాయి దేశంలో నమోదై, లేదా ఎక్కడా నమోదు కాకుండా, టెలిగ్రామ్ లింకుతో దిగే యాప్‌లు. గడియారం పరీక్ష, చుక్కల పటం, చెక్ ట్రే ఓపిక, ఇవన్నీ అక్కడ ఎవరు చేస్తారు? చేయమని అడిగే అధికారి లేడు, చేయకపోతే పోయే లైసెన్సు లేదు. అలాంటి చోట ఎదుటి ఐదు కుర్చీలనూ నడిపేవాడే తన బాట్లతో నింపినా, ముక్కలు పంచే ప్రోగ్రామును ఆ బాట్లకు చూపించినా ఆపగలిగేది ఏదీ లేదు. కంచే చేను మేస్తే కాపలా ఎవరిది? నిషేధం తప్పని దీని అర్థం కాదు. నిషేధం తర్వాత కూడా ఆడుతున్నవాడికి, బాట్లను పట్టే విద్య ఇరవై ఏళ్ళుగా ఎంత ఎదిగిందో దానిలో ఒక్క ముక్క కూడా రక్షణగా మిగలలేదని అర్థం.

అలాంటి యాప్‌లో డబ్బు పోగొట్టుకున్న మనిషి ఫిర్యాదు చేయడానికీ జంకుతాడు, రాష్ట్ర చట్టం కింద తనమీదే కేసవుతుందేమోనని. ఆ జంకు మీద కూడా ఈ వ్యాపారం బతుకుతోంది. బల్ల మీద ఏం జరిగిందో చూపే పంపకాల చరిత్ర అతని దగ్గర ఒక్కటీ ఉండదు, యాప్ ఇవ్వదు. ఉండేవి యూపీఐ లావాదేవీ నంబర్లు, డబ్బు వెళ్ళిన ఖాతా పేరు, లింకు పంపినవాడి చాట్. యాప్ తీసేసేముందు వాటిని స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోవాలి. సైబర్ ఫిర్యాదుల నంబరు 1930కి ఫోన్ చేసినప్పుడు ముందుగా అడిగేవి కూడా ఆ లావాదేవీ వివరాలే. ఎంత త్వరగా చేస్తే, డబ్బు ఇంకో అద్దె ఖాతాలోకి దాటకముందే దాన్ని ఆపించే వీలు అంత ఉంటుంది.